స్లాబ్ పోసిన రోజు

ఆదివారం, రాత్రి

ఇవాళ కొత్తింటికి స్లాబ్ పోశారు. పునాదులప్పుడు నల్లరేగడి మొత్తం తీయించి గ్రావెల్ నింపేదాకా కదలని మా ఆయన, ఇవాళ ఆటోలో కూర్చుని చూశారు. పక్షవాతం వచ్చాక ఆయన మాట ఎవరికీ అర్థం కావడం లేదు, నాక్కూడా.

మిక్సర్ తిరుగుతుంటే ఉన్నట్టుండి ఎడమచెయ్యెత్తి వంటగది వైపు చూపించారు. "బ... బ..." అంటూ ఒకటే గింజుకున్నారు.

"సారేమంటున్నారమ్మా?" అని మేస్త్రి మస్తాన్ పైనుంచి అరిచాడు.

"పైపా? కిటికీయా? ఇనుము తగ్గిందా?" అని ఒక్కొక్కటే అడిగాను. అన్నిటికీ అడ్డంగానే తలూపారు.

"కలిపిన మాల్ గట్టిపడిపోద్దమ్మా. ఇప్పుడాపితే స్లాబులో అతుకు పడుద్ది" అన్నాడు మస్తాన్.

పొయ్యమన్నాను. ఆయన చెయ్యి దించేసి, మొహం అటు తిప్పుకుని ఏడ్చారు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం ఇదే మొదటిసారి చూడటం.

రాత్రి అన్నం ముట్టలేదు. నా చెయ్యి మాత్రం పట్టుకునే నిద్రపోయారు. కోపం లేదనా, ఇంకా ఏదో చెప్పాలనా...

అక్కడ ఏం పెట్టమన్నారో, ఏం వద్దన్నారో. పొద్దున్నే మళ్లీ అడగాలి. ఈసారి అర్థమైనా ఏం చెయ్యను? అప్పటికి ఆ కప్పు రాయైపోతుంది.