తోడికోడలి కంటి వైభోగం

చెల్లికి,

అక్క ఆశీర్వదించి రాయునది. మేమిక్కడ క్షేమం, ఒక్క నా ఎడమ కన్ను తప్ప. మీరక్కడ క్షేమమని తలుస్తాను, తలవకపోతే నువ్వు అలుగుతావు గనక.

కిందటి నెల ఫోనులో 'ఇక నీతో మాట్లాడితే ఒట్టు' అన్నావు. నేనూ అన్నాను. ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళం, మాట తప్పం. ఒట్టు నోటికే గానీ చేతికి కాదని మీ బావగారు తీర్పు చెప్పారు కాబట్టి ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, నా ఎడమ కంటి వెనక పొరలో నీరు చేరిందట. సూదిలో దారం ఎక్కించబోతే ఒక సూదికి రెండు బెజ్జాలు కనిపించాయి. ఆ పూట కుట్టిన చొక్కా కాలరు భుజం మీదికి పోయింది. పెద్దాసుపత్రికి వెళితే నెలకోసారి కంట్లోకే ఇంజెక్షను వేయాలన్నారు. అవును, కంట్లోకే. మొన్న గురువారం మొదటిది అయిపోయింది. మత్తిచ్చి పడుకోబెట్టారు. చుట్టూ అయిదుగురు డాక్టర్లు. గంటన్నర పట్టింది. నేను కిమ్మనలేదు. 'ఇంత గుండె ధైర్యమున్న మనిషిని చూళ్ళేదు' అన్నాడు పెద్ద డాక్టరు. వారం దాకా కట్టు విప్పకూడదట.

అప్పట్నుంచి మీ బావగారు సైకిలు షాపు మధ్యాహ్నమే కట్టేసి వచ్చి నా మంచం పక్కనే కూర్చుంటున్నారు. మా కోడలు మంచినీళ్ళు కూడా చేతికే అందిస్తోంది. నన్ను కాలు కింద పెట్టనివ్వడం లేదు.

ఇట్లు,
అక్క

తా.క. నిన్న మీ బావగారు ఆపిల్ తొక్క తీసి, ముక్కలు కోసి నా నోట్లో పెట్టారు. మా ఇంట్లో కత్తి ఎక్కడుంటుందో ఆయనకు తెలియడం పెళ్ళయ్యాక ఇదే మొదలు.

*

అక్కయ్యకు,

చెల్లెలు నమస్కరించి రాయునది. నీ ఉత్తరం అందింది. చాలా బాధపడ్డాను. మీ మరిది నాకంటే ఎక్కువ బాధపడ్డారు. 'పాపం వదిన' అంటూ రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నారు. పోయినేడు మోకాలు వాచి నేను మంచాన పడితే, ఈయన డ్రైవింగ్ స్కూలుకు పోతూ 'గేటు వేసుకో' అన్నారు. గేటు దాకా నడవగలిగిన మనిషిని మంచమెందుకు ఎక్కుతాను?

నాకు కుళ్ళు అనుకునేవు. కుళ్ళే. నీ దగ్గర దాపరికం ఎందుకు. ఆ ఆపిల్ ముక్కల సంగతి చదివాక నాకు రాత్రి అన్నం సయించలేదు.

చెప్పకూడదనుకున్నాను గానీ, నా కంటికీ ఏదో అయింది. బేకరీలో కేకు మీద పేరు రాస్తుంటే గీత నా మాట వినడం లేదు. 'మా పాప పేరు మెట్లు దిగుతోందేమిటమ్మా' అని నిన్న ఒకాయన అడిగాడు. ఈ మాట మీ మరిదితో అంటే, 'అక్కడ వదినకు రాగానే ఇక్కడ నీకూ వచ్చిందా' అని ఒకటే నవ్వు. ఆ నవ్వు ఇంకా నా కడుపులో మండుతోంది. ఎవరేమనుకున్నా సరే, కంటి డాక్టరు దగ్గరికి పోయే తీరతాను.

ఇట్లు,
చెల్లెలు

తా.క. కొత్తగా పెట్టించిన వంటింటి తలుపు చట్రాన్ని వడ్రంగి వంకరగా బిగించాడు. మూడుసార్లు పిలిపించి తిట్టాను. వచ్చిన ప్రతిసారీ రసమట్టం పెట్టి చూపించి, తిన్నగానే ఉందంటాడు. వాడి రసమట్టమూ వంకరే.

*

చెల్లికి,

ఆశీస్సులు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది నీ వరస. నేను కుట్టు మిషను కొంటే నువ్వూ కొన్నావు, ఇప్పుడు దాని మీద టీవీ పెట్టుకున్నావు. నేను జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే మర్నాటికి నీదీ పొట్టి. నాకు కవలలు పుట్టినప్పుడు మాత్రం ఏమీ చేయలేక ఊరుకున్నావు. ఇప్పుడు నా జబ్బు మీద పడ్డావా? ఇదొక్కటైనా నాకు సొంతంగా ఉండనీవమ్మా.

రెండో ఇంజెక్షనూ అయింది. ఈసారి ఇద్దరు నర్సులు చెరో చెయ్యీ పట్టుకున్నారు. చదువుకునే డాక్టర్లు గోడ వెంబడి వరసగా నిలబడి నన్ను చూసి నేర్చుకున్నారు. వీధిలో వాళ్ళంతా పరామర్శకు వస్తున్నారు. ఇస్త్రీ ఆయన కూడా వచ్చి, నా కట్టు చూసి దణ్ణం పెట్టి పోయాడు.

ఇట్లు,
అక్క

తా.క. మీ బావగారు నన్ను ఆసుపత్రి గేటు దగ్గర దింపి, నా కంట్లో సూదిని తలచుకుని అక్కడికక్కడే కళ్ళు తిరిగి పడ్డారు. గేటు మనిషి నీళ్ళు చల్లాడు. అందుకే ఆయన్ని లోపలికి రానివ్వను.

*

అక్కయ్యకు,

నమస్కారాలు చివర్లో పెడతాను, ముందు ఇది చదువు. నాకు నిజంగానే ఉంది. నీకున్న జబ్బే, నీకున్న కంట్లోనే. డాక్టరమ్మ గళ్ళ కాగితం చూపించి గీతలు ఎలా ఉన్నాయంది. 'ఉతికి పిండి ఆరేసినట్టున్నాయి' అన్నాను. వంకర నా కంట్లోనే ఉందట. వడ్రంగికి తప్పయిందని చెబుదామని కబురు పెడితే, మళ్ళీ తిట్టడానికే అనుకుని రాలేదు.

వెంట వచ్చిన మీ మరిది నవ్వు డాక్టరమ్మ గదిలోనే ఆగిపోయింది. అక్కడికి బాగానే ఉంది. అసలు ఏడుపు ఇప్పుడు విను. మొన్న ఇంజెక్షను వేశారు. మత్తు లేదు. చుక్కలు వేసి, గోధుమరంగు మందుతో కడిగి, రెప్ప పడకుండా చిన్న క్లిప్పు పెట్టి 'పైకి చూడండి' అంది. వేలితో నొక్కినట్టయింది. ఎప్పుడు వేస్తారని అడిగితే, 'అయిపోయింది, లేవండి' అంది. ఉన్నది ఒక్క డాక్టరమ్మ, ఒక్క నర్సు. 'మిగతా నలుగురూ ఏరీ' అన్నాను. 'ఏ నలుగురు' అంది. కట్టు కట్టమన్నాను. అక్కర్లేదంది. సాయంత్రం దాకా కన్ను కరకరలాడింది, చూపులో నల్లటి బుడగ ఒకటి తేలింది, అంతే. ఇంటికొచ్చి మంచమెక్కి ఆపిల్ అడిగితే, 'అయిదు నిమిషాల దానికి ఆపిల్ ఎందుకు' అన్నారు మీ మరిది.

నీకు గంటన్నర, నాకు అయిదు నిమిషాలా? ఈ ఇంట్లో పెద్ద కోడలికి ఒక న్యాయం, చిన్న కోడలికి ఒక న్యాయం. రెండోది ఇక్కడ వేయించుకోను. మధ్యలో మానేస్తే చూపు పోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పోతే పోనీ. ఆ అయిదుగురూ వేస్తేనే వేయించుకుంటాను. మీ ఊరు వస్తున్నాను.

నమస్కారాలతో,
చెల్లెలు

తా.క. కవలల సంగతి ఎత్తావు గనక చెబుతున్నా. నా ఒక్కడూ నీ ఇద్దరికంటే పొడుగు.

*

చెల్లీ,

మానేయకు. రెండోది అక్కడే వేయించుకో. అయిదుగురు డాక్టర్లంటే ఏమనుకున్నావు, ఒకరి మాట ఒకరికి పడదు. ఒక్కరు చేసేదే పని. ఇక్కడ మంచాలు ఖాళీ లేవు, లిఫ్టు చెడింది, పెద్ద డాక్టరు సెలవు పెట్టాడు. వచ్చే గురువారం నా మూడోదే ఎలా గడుస్తుందో తెలియదు. నువ్వు మాత్రం రాకు. నేను నీ మంచి కోరి చెప్పడం ఇదే మొదటిసారి కావచ్చు, అయినా విను.

అక్క

తా.క. నిజంగా వేలితో నొక్కినట్టేనా? సూది కనిపించదా? ఊరికే అడుగుతున్నాను, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది గదా.

*

అక్కా,

రావద్దన్నావంటే ఆ వైభోగమంతా నువ్వొక్కదానివే దాచుకుంటున్నావనుకున్నాను. కడుపు మండి, మీ మరిదికైనా చెప్పకుండా గురువారం పొద్దున్నే బస్సెక్కి మీ పెద్దాసుపత్రికి వచ్చాను. కళ్ళకు ఉన్నదే ఒక్క డాక్టరట. సెలవు పెట్టలేదట. లిఫ్టు కూడా బాగానే పైకి పోయింది. వరండాలో కూర్చున్నాను. నర్సు తలుపు తీసి నీ పేరు పిలిచింది, మళ్ళీ పిలిచింది. ఎవరూ లేవలేదు. 'ఈవిడ ప్రతిసారీ ఇంతే. మొదటిసారి కుర్చీ దాకా వచ్చి, సూది చూసి, గొడుగు కూడా వదిలేసి పారిపోయింది' అని విసుక్కుంది.

నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇన్నాళ్ళకు దొరికావనుకున్నాను. వెతుక్కుంటూ కాంటీనుకు వచ్చాను. మూల బల్ల దగ్గర, కంటికి నీ చేత్తో నువ్వే దూది అంటించుకుని కూర్చున్నావు. కడిగి పారేద్దామని ఎదురుగా వచ్చి నిలబడ్డాను. నువ్వు తలెత్తి నా మొహంలోకి చూశావు. చూసి, 'ఎవరమ్మా? ఈ కుర్చీ ఖాళీయే, కూర్చోండి' అన్నావు.

నన్ను పట్టుకుని 'కూర్చోండి' అన్నావు.

అద్దంలో చూసుకుంటూ అంటించుకున్నావేమో, దూది మంచి కంటి మీద ఉంది. నువ్వు నన్ను చూసింది ఆ ఎడమ కంటితో. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉన్నాను, నీకు నేను కనబడలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాను. బస్సులో దారంతా ఏడ్చాను, ఈసారి కుళ్ళుతో కాదు.

భయమేస్తోందక్కా. కాపురానికి వచ్చినప్పట్నుంచీ నేను ఏం కొన్నా, ఏం వేసుకున్నా నువ్వు చూసి ఏడవాలనే. నువ్వే చూడకపోతే ఇక నేనెవరి కోసం కొనుక్కోవాలి?

నర్సుతో మాట్లాడే వచ్చాను. వచ్చే గురువారం మొదటి పేరు నీది, రెండో పేరు నాది. నీ పక్కనే నిలబడి చెయ్యి పట్టుకుంటాను. తలుపుకు అడ్డంగా ఉండేదీ నేనే, పారిపోలేవు. నువ్వు అడిగినదానికి జవాబు: వేలితో నొక్కినట్టే. సూది కనిపించదు. నీకు నేను చాలా అబద్ధాలు చెప్పాను గానీ ఇది చెప్పను. బావగారికి ఏమీ చెప్పలేదు.

నీ చెల్లెలు

తా.క. ఆ రోజు కొత్త చెప్పులు వేసుకొస్తున్నాను. ఏ షాపులో కొన్నానో అడిగినా చెప్పను. చూసి కుళ్ళుకో.