ఇల్లు కదలని దేశదిమ్మరి

ప్రియమైన దేశదిమ్మరిగారికి,

గాజు పలకల లోడు పగలకుండా చేర్చాను. దించేవాళ్ల కోసం ఎదురుచూస్తూ హోటల్లో కూర్చుంటే రేడియోలో మీ పాత పాటే! ఊరికో పిల్లని ప్రేమించి, తెల్లారేసరికి మూటాముల్లె సర్దుకుపోయే తిరుగుబోతు పాట. "ఇలాంటివాడి పెళ్లాం ఎలా వేగుతోందో పాపం" అంది గల్లాపెట్టె దగ్గరి ఆవిడ. నాకు కాఫీ పొలమారింది. బస్సెక్కితే వీధి మలుపు తిరక్కుండానే వాంతి చేసుకునే మనిషండీ మీరు! వానలో టైరు మార్చి జుట్టు పిండుకునే పిల్లా, స్టీరింగు మీద తల వాల్చి కునుకు తీసే పిల్లా, ఆ పాటలోని పిల్లలందరూ లారీ నడిపే నేనేనంటే ఆవిడ నమ్ముతుందా? ఇంట్లో కూర్చుని నా ఉత్తరాలన్నీ పాట కట్టేశారు.

అది సరే, గొంతు ఆపరేషన్ కట్టు విప్పారా? డాక్టరేమన్నాడు? దాచకుండా రాయండి.

మీ ఊరూరి పిల్ల

*

ప్రియమైన డ్రైవరమ్మకు,

కట్టు విప్పారు. అన్నం సాఫీగానే దిగుతోంది. మీ చెల్లెలు రోజూ వచ్చి మెత్తగా వండిపెట్టి వెళ్తోంది. వంటింటి కిటికీ బాగుచేయించాను. బ్రేకులు చూపించుకున్నావా?

నీ ఇంటాయన

*

ప్రియమైన మీకు,

నేను కిటికీ సంగతి అడిగానా? పక్కింటికి ఫోన్ చేస్తే మా చెల్లెలొచ్చి నీళ్లు నమిలింది. మీరు ఫోన్ దగ్గరికి రానేలేదు. పాడలేకపోతే పోనివ్వండి. నన్ను "ఏమోయ్" అని పిలవగలరా లేదా? మళ్లీ ఆ హోటలుకే వస్తాను. జవాబు అక్కడికి పంపండి. నాకు భయంగా ఉంది.

మీ నేను

*

ప్రియమైన ఏమోయ్,

పిలవలేను. ఇక గొంతు రాదని కట్టు విప్పిన రోజే డాక్టరు చెప్పేశాడు. స్టీరింగు పట్టుకున్న మనిషికి ఆ కబురెలా రాయను? గోడవైపు తిరిగి పడుకున్నాను. ఒక పూట మీ చెల్లెలు రేడియో పెడితే మన పాటే వచ్చింది. మొదట ఏడుపొచ్చింది. వినగా వినగా నువ్వే కనిపించావు. వానలో తడిసింది నువ్వు, పేరొచ్చింది నాకు. ఒక్క ఊరైనా చూడకుండా అన్ని ఊళ్లూ పాడానంటే అంతా నీ చలవే. ఇంత బతుకు ఇచ్చినందుకు నీకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఆ మాట పోస్టులో పంపడానికి మనసొప్పలేదు.

ఈ కవరు మీద స్టాంపు లేదు, చూశావా? హోటలావిడ చేతికిచ్చి నీ వెనక బల్ల దగ్గర కూర్చున్నాను. దారి పొడుగునా బస్సాపిస్తూనే వచ్చాను. ఆ డ్రైవరు నన్ను జన్మలో మరిచిపోడు. మొహం పాలిపోయి ఉంటుంది, జడుసుకోకు. లారీలో కిటికీ పక్క సీటు ఇక నాది.

చదవడం అయితే వెనక్కి తిరుగు.

నీ దేశదిమ్మరి