మూల పీపాను ఎవరి చేతిలో పెడుతున్నానంటే

ఈ బీరు తయారీశాల యజమానురాలిని, కీర్తిశేషులైన పీపాల మేస్త్రీ గారి భార్యను అయిన నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. నాకు మతి సరిగానే ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. మా ఇంట్లో మతి సరిగా లేనిది ఎవరెవరికో కింద వరుసగా వస్తుంది. ఇంతకుముందు రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అందులో పిల్లల గురించి చాలా మంచిగా రాశాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా వకీలుది. ఆయన బీరు ముట్టడు కనుక ఈ విషయంలో ఆయన్ని నమ్మవచ్చు.

1. తయారీశాల భవనం, కాచే పాత్రలు, గిడ్డంగి, పై అంతస్తులోని ఇల్లు నా తదనంతరం నా కొడుక్కీ కూతురికీ సమభాగాలుగా చెందవలెను. మధ్యలో గోడ కట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఇప్పటికే ఒకే మెట్లెక్కుతూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. వంటింట్లో ఒకరు భోంచేసి లేచాక గానీ రెండోవారు రారు. పీపాలో మగ్గిన బీరును డబ్బాల్లో నింపాలా, సీసాల్లో నింపాలా అన్నది వాళ్ల తగాదా. ఇది చెబుతుంటే నాకే సిగ్గేస్తోంది. రాస్తున్న గుమాస్తా నవ్వు ఆపుకోలేక తంటాలు పడుతున్నాడు.

2. డబ్బాలకు మూతలు బిగించే యంత్రం సర్వహక్కులతో నా కొడుక్కి. దాన్ని కొనుక్కొచ్చినవాడే మోసుకుపోవాలి. పోయినసారి పీపాలోని బీరును, అందులో పులియబెట్టే ఈస్ట్ ఇంకా బతికి ఉండగానే డబ్బాల్లో బిగించిన మహానుభావుడు వీడే. అవి పొట్టలుబ్బి, దుకాణంలో అరమీదే ఒక్కొక్కటీ పేలాయి. దుకాణదారు తల తుడుచుకుంటూ మా గుమ్మంలో నిలబడితే, వీడు తాపీగా "ఇది నేర్చుకునే దశ అండీ" అన్నాడు. తోలు ఏప్రాన్ కట్టుకుని పీపాలు చెక్కే వాళ్ల నాన్నకు అలాంటి దశలేవీ ఉండేవి కావు. ఆ ఏప్రాన్ కూడా వీడికే ఇస్తున్నాను. చిన్నప్పుడు ఉరుము ఉరిమితే దాని వెనకే దాక్కునేవాడు. ఉతక్కుండా ఉంచుకొమ్మని నా కోరిక.

3. గిడ్డంగిలో పేర్చిన ఖాళీ సీసాలు, బిరడాలు, బిరడాలకు చుట్టే తీగ నా కూతురికి. రంగు కనపడాలని తెల్ల గాజు సీసాలు తెప్పించి, ఎండ పడే కిటికీలో వరసగా నిలబెట్టింది ఈవిడే. వెలుతురు తగిలితే బీరు చెడుతుందని నేను గొంతు చించుకున్నాను. వారం తిరిగేసరికి తడిసిన కుక్క వాసన వచ్చింది. కొన్నవాళ్లు ముక్కు మూసుకుంటే, "పీపా బీరు స్వభావమే అంత" అని వాళ్లకే పాఠం చెప్పి పంపింది. అల్లుడు ఆ సీసాలకు అంటించే చీటీల మీద తోలు, ఎండు పళ్లు, పాత పుస్తకాల పరిమళం అని రాయించాడు. కుక్క సంగతి రాయించలేదు. మిగిలిపోయిన ఆ చీటీలన్నీ అల్లుడికే. వెనకవైపు ఖాళీగానే ఉంది, ఇంకా ఏమైనా తోస్తే రాసుకోవచ్చు.

నా చేతి గడియారం కూడా కూతురికే. నేను ఆసుపత్రిలో ఉన్న రాత్రులన్నీ పక్కనే కూర్చుని, టైము చూడ్డానికి నా మణికట్టునే తిప్పి చూసేది. ఇక సొంతంగా చూసుకోవచ్చు.

4. బాయిలరు పక్కనున్న నా కుర్చీ, నా రబ్బరు బూట్లు పీపాలు కడిగే ఆవిడకి. ఆ బూట్ల మీద ఆవిడ కన్ను ఎప్పటినుంచో ఉంది. వీలునామాలో ఏదైనా ముట్టేవాళ్లు సాక్షి కాకూడదట, అందుకే ఆవిడ చేత సంతకం పెట్టించలేదు, అలగవద్దని మనవి.

5. ఇక గిడ్డంగి మూలలో ఉన్న మూల పీపా. మా ఆయన ఆఖరిసారిగా చెక్కలు మార్చి పట్టీలు బిగించింది ఈ పీపాకే. ఇద్దరం కలిసి నింపాం. అది మగ్గుతుండగానే ఆయన పోయాడు. అది తయారయ్యేదాకా నేను ఉండనని డాక్టరు మాటల్ని బట్టి అర్థమైంది. నాకున్న దిగులల్లా అదొక్కటే. ఈలోగా నా కొడుకు దీనికోసం డబ్బాల మీద బొమ్మ అచ్చు వేయించాడు, కూతురు సీసాలు పురమాయించింది. నేను ఎప్పుడు కన్ను మూస్తానా అని ఇద్దరూ చెరో గుమ్మంలో కాచుకుని ఉన్నారు.

మా తయారీశాలలో ఒక పద్ధతి ఉంది. ఏదైనా తేల్చుకోవాలంటే తలుపు చాటున గ్లాసుల్లో పోసి తెచ్చి అందరి ముందూ పెడతాం, ఏది ఏదో చెప్పం. ఈ తగాదా తేల్చడానికి పోయిన చలికాలం నేనే పోశాను. ఒక గ్లాసులో డబ్బా బీరు, రెండోదాంట్లో సీసా బీరు ఉందనుకుని నా పిల్లలు గుటకలు వేస్తూ, కళ్లు మూసుకుంటూ చెలరేగిపోయారు. మొదటిది డబ్బాదేననీ, ఆ తాజాదనం ఇంకెక్కడా రాదనీ కొడుకు. రెండోది సీసాదేననీ, ఆ లోతు చూడమనీ కూతురు. అల్లుడు జేబులోంచి కలం తీశాడు.

రెండు గ్లాసుల్లోనూ నేను పోసింది మూల పీపాలోంచి జగ్గుతో పట్టుకొచ్చిన బీరు. అది డబ్బా మొహమూ చూడలేదు, సీసా మొహమూ చూడలేదు. గ్యాసు ఎక్కేది డబ్బాలోనో సీసాలోనో నింపాకే, ఇది పీపాలోది గనుక అందులో నురగ లేదు, చిన్న బుడగ కూడా లేదు. ఈ పనిలోనే పుట్టి పెరిగిన వాళ్లకి అది కూడా కనపడలేదు. వాళ్లకి బీరు మీద ప్రేమా, పాత్ర మీద ప్రేమా అని తెలుసుకుందామనే ఆ పని చేశాను. తెలిసింది.

నా కోడలు పళ్ల డాక్టరు. క్లినిక్ మూసి అప్పుడే వచ్చి, నిలబడే రెండు గ్లాసులూ రుచి చూసింది. "రెండూ ఒకటే. గ్యాసే లేదు. పీపాలోంచి నేరుగా పట్టుకొచ్చారు కదా, అత్తయ్యా?" అంది. నా కొడుకు, "నీకు పళ్ల సంగతి తెలుసు, ఇది తెలీదు, ఊరుకో" అన్నాడు. కూతురు నవ్వింది. ఏడాది మొత్తమ్మీద అన్నాచెల్లెళ్లు ఒక మాట మీద నిలబడింది ఆ ఒక్కసారే. నేను గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

6. కావున సదరు మూల పీపాను, అందులోని బీరు సహా, నా కోడలికి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. ప్రేమ కొద్దీ కాదు. నాకూ ఆమెకూ పడదని వీధి చివరిదాకా తెలుసు. ఆమె అత్తయ్యా అంటేనే నాకు ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. నా పన్ను పీకేటప్పుడు కూడా నోరు మూసుకోమని కసిరింది, నోరు తెరవాల్సిన పని అని మరిచిపోయి. అయినా ఆ గదిలో నాలుక ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

డబ్బాలో నింపుతుందో సీసాలో నింపుతుందో ఆమె ఇష్టం. డబ్బాలోకి వెలుతురు చొరబడదు. సీసా ఏళ్ల తరబడి మగ్గనిస్తుంది. రెండూ మంచివే, రెండూ మా వాళ్ల చేతుల్లో పడి పాడయ్యాయి. డబ్బా అయితే ఈస్ట్ పని పూర్తయ్యేదాకా ఆగాలి, సీసా అయితే ముదురు గాజుది వాడి చీకట్లో ఉంచాలి. సగం డబ్బాలు, సగం సీసాలు అని ఇద్దర్నీ బుజ్జగించే పని చేస్తే మాత్రం నేను ఒప్పుకోను. నింపే ముందు ఒక గ్లాసు పట్టి మా ఆయన పనిబల్ల మీద పెట్టాలి. సాయంత్రం దాకా ఉంచి, ఆ తర్వాత కోడలు తాగేయాలి. పారబోస్తే ఆయనకు గిట్టదు.

7. ఆరో అంశం మీద నా కొడుకు గానీ కూతురు గానీ దావా వేయదలచినచో, ముందుగా వకీలు సమక్షంలో రెండు గ్లాసులు రుచి చూసి, ఏది డబ్బాదో ఏది సీసాదో చెప్పవలెను. తప్పినచో దావా హక్కు పోవును. ఆ గ్లాసుల్లో ఏం పోయాలో వకీలుకి వివరంగా చెప్పి ఉంచాను. కోడలికి చెప్పలేదు. ఆమెకు చెప్పనక్కర్లేదు.

మార్చి పదకొండు, మంగళవారం. తయారీశాల కింది గదిలో చదివించుకుని విని, సరిగా ఉందని ఒప్పుకుని చేసిన సంతకం.

(సంతకం) పీపాల మేస్త్రీ గారి భార్య

సాక్షులు:
(సంతకం) ఎదుటి దుకాణం దర్జీ
(సంతకం) వైద్యం చేస్తున్న డాక్టరు