గొర్రెలకు ప్రవేశం లేదు

కోస్గి,
ఏప్రిల్ 2023.

చిరంజీవి తమ్ముడు నరసింహను అక్క భాగ్యలక్ష్మి దీవించి రాయునది. ఇక్కడ మనుషులమందరం క్షేమంగానే ఉన్నాము. జీవాల సంగతి నువ్వు అడగలేదు, అయినా కింద రాస్తాను. నువ్వు, మరదలు, పిల్లలు హైదరాబాదులో బాగున్నారని తలుస్తాను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని చిరాకు పడకు. ఫోన్ చేస్తే నీ ఆఫీసు అమ్మాయి ఎత్తి, సార్ మీటింగులో ఉన్నారంటుంది. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, మధ్యలో అడ్డు తగలకుండా నీతో మాట్లాడాలంటే నాకు కాగితమే నయం. నీ ఉత్తరం అందింది. మందపాటి కాగితం, పైన నాయిన ఫోటో, దాని కింద బంగారు రంగులో ‘ఎల్లేశం స్మారక సేవా సంస్థ’. సొంత అక్కకు ఉత్తరం రాసి కింద చైర్మన్ అని సంతకం పెట్టినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను.

నా మోకాళ్ళ గురించి అడిగావు. మెట్లెక్కనంత కాలం బాగానే ఉంటాయి.

ఈ ఏడు సంస్థ తరఫున ఏం పంచితే బాగుంటుందని కూడా అడిగావు. నీ పంపకాలు తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత ఒళ్ళు మండుతుంది. పోయిన ఏడు నిండు ఎండాకాలంలో దుప్పట్లు పంచావు. ఎవరికి? గొర్రెలు కాసుకునే మనోళ్ళకు. తాతల నాటి నుంచి సొంత ఉన్నితో గొంగళ్ళు నేయించుకుని కప్పుకునే వాళ్ళను ఎండలో వరసకు నిలబెట్టి, చేతిలో మిషను దుప్పటి పెట్టి, ఫోటోగ్రాఫర్ దిక్కు చూసి నవ్వావు. కాటమయ్య మామ ఆ దుప్పటిని మోటారు సైకిలు మీద కప్పుతున్నాడు. బండికి దుమ్ము పట్టడం లేదట, నీ సంస్థ వల్ల ఆ మేలు మాత్రం జరిగింది.

ఇంకా పెద్ద పనులు చేద్దామంటే పైసలు చాలడం లేదని రాశావు. పైసలు ఎవరడిగారు నిన్ను? సంస్థ పేరు మీద రోడ్డు పక్కన ఎనిమిది ఎకరాల జాగా ఉంది. అందులో సగం నా వాటా, నలుగురికీ పనికొస్తుందని నువ్వంటే నమ్మి రాసిచ్చాను. ఎండాకాలంలో కూడా ఎండని బోరుంది. వేపచెట్ల నీడ ఉంది. వీటన్నిటికీ చుట్టూ గోడ కట్టి, తాళం వేసి, జాగా ధర పెరుగుతుంటే చూసి మురుస్తూ, ఏడాదికొక పూట దుప్పట్లు పంచడాన్ని నువ్వు సేవ అంటున్నావు. నేనైతే దాన్ని కాపలా అంటాను.

ఆ జాగా కొన్నప్పుడు నాయిన ముందు ఏం కట్టాడో నీకు గుర్తుందా? గది కాదు, గోడ కాదు. బోరు పక్కన జీవాలకు తొట్టి కట్టాడు. ఎవరి మంద వచ్చినా ఆ తొట్టి కాడ నీళ్ళు తాగి, చెట్ల కింద కాసేపు పడుకుని పోయేది. నువ్వు ఆ తొట్టి పగలగొట్టి రంగు టైల్స్ వేయించావు. గడ్డి తెప్పించి పరిపించావు. నడుమ నాయిన నల్లరాతి విగ్రహం, భుజాన గొంగడి, చంకలో గొర్రెపిల్ల. గేటుకు బోర్డు: ‘గొర్రెలకు, మేకలకు ప్రవేశం లేదు.’ గొర్రెల కాపరి పేరు మీద పెట్టిన తోటకు ఈ బోర్డు రాయించిన తెలివి మన వంశంలో ఇంకెవరికీ లేదు.

ఇక జీవాల సంగతి. బీరమ్మ చిన్నమ్మ మంద నీళ్ళకు అల్లాడింది. ఊరి కుంట నెర్రెలిచ్చింది. చిన్నాయిన ఉన్నప్పుడు ఈ కాలానికి మందను తోలుకుని కాలువ నీళ్ళున్న హాలియా దిక్కు పోయేవాళ్ళు. ఆయన పోయాక ఆమె ఒక్కతే అంత దూరం నడవలేదు. కసాయి వచ్చి బేరం చేసి పోయాడు. మంద అమ్మితే ఆమె ఇక కొడుకుతో పాటు పుణె పోయి, కట్టుబడి పనిలో ఇటుకలు మోయాలి. ఈ వయసులో.

అందుకని ఒకనాడు మందను తోలుకుని నేరుగా నీ గేటు కాడికొచ్చింది. నేను అప్పుడు వేపచెట్ల నీడకని వెళ్ళి లోపలే ఉన్నాను. వాచ్‌మన్ పరశురాములు గేటుకు అడ్డం నిలబడ్డాడు.

“సారు వద్దన్నడు చిన్నమ్మ. జీవాలు లోపటికి రావద్దట. బోర్డు గూడ పెట్టిండు, సూడు.”

“నాకు సదువు రాదు బిడ్డా. గా బొమ్మ ఎవలిది?”

“ఎల్లేశం సారుది.”

“సారెక్కడిది, గాయిన నా బావ. గాయిన సంకల గొర్రెపిల్ల ఉన్నది గద. జీవాలు వద్దంటే ముందుగాల దాన్ని బయటికి తోలు. అటెన్క నేను గూడ పోత.”

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది, ఆ తర్వాత నీ మీద అసహ్యం వేసింది. దాచుకుని లాభం లేదు, రాసేశాను.

నీ ఉత్తరంలో చివరి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను. గడ్డి పాడైందట, గేటు ఎవరు తీశారు, పరశురాములే అయితే ఉద్యోగంలోంచి తీసేస్తానన్నావు. అతణ్ణి ముట్టుకోకు. గేటు తీసింది నేను. తీయడమే కాదు, మర్నాడు మనిషిని పిలిచి ఆ ఇనుప రెక్కలు రెండూ ఊడబెరికించాను. చిన్నమ్మ దొడ్డికి తడికె కూడా సరిగ్గా లేదు, కుక్కలు దూరుతున్నాయి. నీ గేటు రెక్కలు అక్కడ చక్కగా సరిపోయాయి. టైల్స్ పెకిలించి, నాయిన కట్టిన చోటే మళ్ళీ తొట్టి కట్టించాను. బోర్డును తిరగేసి మేకపిల్లలకు మేత వేస్తున్నారు. సంస్థ ఆస్తులు సమాజ హితానికి వినియోగించాలని నువ్వే కదా కాగితం మీద రాసుకున్నావు.

కసాయి మళ్ళీ వచ్చి ఉత్త చేతులతో పోయాడు. ఇప్పుడు నాలుగూళ్ళ మందలు వస్తున్నాయి. నీ గడ్డి ఒక్క పోచ మిగల్లేదు. నన్ను సంస్థలోంచి తీసేస్తానంటే తీసేయి, కానీ తాళం వేయాలని చూస్తే నా నాలుగెకరాలు నాకు తిరిగివ్వమని నలుగురిలో కూర్చోబెట్టి అడుగుతాను.

ఇప్పటికే నిలబెట్టిన విగ్రహానికి ముసుగేసి తీసే ఆవిష్కరణ రోజు చదవడానికి నాయిన గురించి రెండు పేజీలు రాసి పంపమన్నావు. ఇవే ఆ రెండు పేజీలు, ధైర్యముంటే పెద్దల ముందు చదువు.

ఆ రోజు మంచి బూట్లు వేసుకుని రాకు. విగ్రహం చుట్టూ అంతా గొర్రె పెంటికలే. ఊడ్పించను. నిన్న మందలు నీళ్ళు తాగి పడుకున్నాక నేను అక్కడే చాలాసేపు కూర్చున్నాను. నాయిన పోయిన ఇన్నేళ్ళకు, మళ్ళీ ఆయన పక్కన కూర్చున్న వాసన వచ్చింది.

ఇట్లు,
నీ మేలు కోరే, నీ మీద కోపం తగ్గని
అక్క భాగ్యలక్ష్మి