నా పాట కింద పాస్టరుగారి పేరు

ఆదివారం, మైపాడు

ఒళ్ళు మండిపోతోంది. ఈరోజు మందిరంలో కొత్త పాటల పుస్తకం పంచారు. పాప జ్వరంతో మూలుగుతుంటే ఒళ్ళో పెట్టుకుని నేను కట్టుకుని, తర్వాత ఆరాధనలో పాడిన పాట అందులో ఉంది. కింద రచయితగా పాస్టరుగారి పేరు!

ఆరాధన అయ్యాక అందరి ముందే అడిగాను.

"దేవుడి పాటకి మనుషుల పేర్లెందుకమ్మా?" అని నవ్వాడు.

"మరి మీ పేరెందుకు ఏసుకున్నారయ్యా?"

నవ్వు ఆగింది. "గర్వం మంచిది కాదు సుగుణా, ప్రార్థన చేసుకో" అన్నాడు.

దారంతా మా ఆయన గొణుగుడే. "పెద్దోళ్ళతో మనకెందుకు మే, ఊరుకో."

ఊరుకోను. దొంగను దొంగనే అంటాను.

ఇందాక ప్రార్థనకి మోకరించాను. మాకు అపకారం చేసినవాళ్ళను క్షమిస్తున్నాం అనే చోటికి వచ్చేసరికి ఆ నవ్వే కళ్ళముందు నిలిచింది. ఆమెన్ అనకుండానే లేచేశాను.