ఉత్తరం వైపు తల పెట్టి పడుకున్న సముద్రం

శ్రీకాకుళం,
సోమవారం, 11-12-2017.

శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,

కీర్తిశేషులు మైలపల్లి గంగులు భార్య అమ్మడు, వయసు నలభై ఏడు, సాగరగర్భ మృత్తికా పరిశోధన కేంద్రములో నిన్నమొన్నటి దాకా స్వీపరు, వ్రాసి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సముద్రపు ఇరవై వేల ఏళ్ల చరిత్రను నేను తారుమారు చేసితినని ఒక కాగితంలోను, అసలేమీ తారుమారు కాలేదని మరొక కాగితంలోను, ఒకే సారు ఒకే రోజున ఒకే పచ్చ సిరాతో సంతకం చేసినందున, రెండింటిలో ఏదో ఒకటి రద్దుపరచి నా ఉద్యోగము నాకు ఇప్పించుట గురించి.

ముందుగా ఒక మనవి. ఈ అర్జీ నేనే రాసుకున్నాను. పదో తరగతి లెక్కల్లో తప్పాను గాని తెలుగులో తప్పలేదు. మా ఊరి మత్స్యకార సంఘం అర్జీలన్నీ పన్నెండేళ్లుగా నా చేతిరాతే. కనుక ఎవరో రాసిచ్చారని తోసిపుచ్చకుండా చదువ ప్రార్థన.

1. సదరు కేంద్రము ఒక పాత ఐసు ఫ్యాక్టరీలో నడుచుచున్నది. అందులోని చల్లగదిలో పద్దెనిమిది గొట్టాలు ఉండేవి. ఓడలో వెళ్లి, బంగాళాఖాతం అడుగున గుచ్చి తీసిన మట్టి వాటిలో ఉంటుంది. ఆ గది ఊడ్చి, తుడిచి, తాళం వేయుట నా విధి. చేపలు కుళ్లిపోతుంటే ఐసు దొరకని ఊరి నుంచి వచ్చినదానను, మట్టికి ఇంత చల్లదనమా అని మొదటి రోజు నవ్వుకున్న మాట వాస్తవము.

2. గరివిడి నుంచి వచ్చి అక్కడ పరిశోధన చేస్తున్న నరేష్ గారు నన్ను పిన్నీ అని పిలిచేవారు. ఆయనే నాకు విశదపరిచారు. "సూడు పిన్నీ, సముద్రంలో ఏది పడినా అడుక్కి దిగుతాది. ఏటికేడు పొర మీద పొర పడతాది. గొట్టానికి ఈ కొస ఇప్పటిది, ఆ కొస ఇరవై వేల ఏళ్ల నాటిది. ఇది తల, అది కాలు అనుకో" అన్నారు. ఆ మట్టిలో ఆవగింజ కంటే చిన్న గుల్లలు ఉంటాయట. వాటికి నియోడిమియం అనే లోహం అంటుకుని ఉంటుందట. దక్షిణ ధ్రువం నుంచి వచ్చిన నీటిది ఒక గుర్తు, గంగా బ్రహ్మపుత్రల వైపు నుంచి దిగిన నీటిది ఇంకొక గుర్తు. పొరపొరకూ ఆ గుర్తు చూస్తే, ఏ కాలంలో అడుగు నీరు ఎటు నుంచి ఎటు నడిచిందో తెలిసిపోతుంది. నాకు చక్కగా అర్థమైంది. డైరెక్టరు గణపతిరావు గారు అటుగా పోతూ, "ఆవిడకి చెప్పి ఏం లాభమయ్యా" అన్నారు.

3. గొట్టాల మీద నంబర్లు చెక్కి ఉండేవి గాని, తల ఎటో తెలియుటకు మాత్రం చీటీలు అంటించి ఉండేవి. అవి చెమ్మకు ఊడి నేల మీద పడ్డాయి. నేల మీద పడినది ఊడ్చుట నా పని. ఊడ్చాను. రెండు నెలలకు గమనించి, గొట్టాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి కదా అని, మళ్లీ చీటీలు అంటించక, గోడ మీద ఎర్ర రంగుతో ఒక పక్క 'తల' అని, ఒక పక్క 'కాలు' అని రాయించారు. 'తల' అని రాసినది ఉత్తరం పక్క.

4. అయ్యా, తమరు చదువుకున్నవారు. అయినా తమ ఇంట మంచం ఉత్తరం తల వేయరని నా నమ్మకం. నేను నరేష్ గారితో, "ఉత్తరం తలేటి బాబూ, పురిట్లో బిడ్డనైనా అలాగ పడుకోబెట్టరు" అని చెప్పాను. ఆయన నవ్వి, "మట్టికి తలేటి పిన్నీ" అన్నారు. తల అన్నదీ ఆయనే, తలేటి అన్నదీ ఆయనే. ఇక నేనే తిప్పాను. పదకొండు తిప్పాను. మిగిలిన ఏడూ పై అరలో ఉన్నవి, నాకు అందవు. స్టూలు ఇప్పించమని మూడుసార్లు రాసి ఇచ్చాను. పరిశీలనలో ఉన్నదని మూడుసార్లూ జవాబు వచ్చింది. ఆ స్టూలు మంజూరై ఉంటే పద్దెనిమిదీ తిప్పేదాన్ని, సముద్రమంతా ఒకే వైపు నడిచి ఉండేది. కనుక ఇందులో సగం తప్పు స్టూలు ఫైలుదని మనవి.

5. మట్టి వయసు తేల్చు పరీక్ష ఖర్చుతో కూడినదని ఒక్క గొట్టానికే చేయించారు. అది పై అరలోనిది. మిగతావన్నీ అలాగే ఉంటాయని అనుకున్నారు. తీరా చూస్తే ఒకే కాలంలో ఏడుచోట్ల సముద్రం ఒక వైపు, పదకొండుచోట్ల దానికి ఎదురు నడిచినట్టు తేలింది. ఎవరైనా అయితే గది తుడిచేదాన్ని పిలిచి ఒక మాట అడుగుతారు. వీరు దానికి ద్విముఖ ప్రవాహ సిద్ధాంతమని పేరు పెట్టారు. డైరెక్టరు గారికి ఢిల్లీలో శాలువా కప్పారు. ఇక్కడ సన్మానం జరిగిన రోజున హాలు తుడుస్తూ ఉపన్యాసం విన్నాను. ఏడు, పదకొండు అనగానే అది నా చేతి లెక్కేనని తెలిసిపోయింది. మర్నాడు ఉదయమే వెళ్లి, "సార్, ఆ పదకొండూ నేను తిప్పినవేనండి" అని చెప్పాను. నన్నెవరూ అడగలేదు, నాకై నేనే చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి, "ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?" అన్నారు. తోటి స్వీపరు తవిటమ్మకు చెప్పానన్నాను. తవిటమ్మకు చెప్పడమంటే మైకులో చెప్పడమేనని ఆయనకూ తెలుసు.

6. ఆ మధ్యాహ్నమే రెండు కాగితాలు పుట్టాయి. నలభై ఒకటో నంబరు కాగితం, గొట్టాలను ఉద్దేశపూర్వకంగా తారుమారు చేసినందుకు నన్ను తొలగించారని. నలభై రెండో నంబరు కాగితం, సిద్ధాంతం అచ్చువేసిన విదేశీ పత్రికకు, సదరు గొట్టాలు నాటి నుంచి నేటి వరకు ఎవరి చేయీ సోకక భద్రముగా ఉన్నవని. రెండూ జిరాక్సు తీయించుకు రమ్మని పంపినది నన్నే. ఒక్కో కాపీ ఎక్కువ తీయించాను.

7. కనుక నేను తిప్పితినన్నచో, అడగకుండా నిజం చెప్పినదానను గనుక ఉద్యోగం ఇవ్వాలి. తిప్పలేదన్నచో, తప్పే లేదు గనుక ఇవ్వాలి. ఏది ఖాయం చేసినా నాకు సమ్మతమే.

8. ఇప్పుడు ఆ పత్రిక తరఫు విదేశీయులు గొట్టాలను మళ్లీ పరీక్షించుటకు ఈ నెల ఇరవయ్యో తేదీన వస్తున్నారు. గొట్టాలన్నీ ట్రాక్టరులో వేసి కొత్త బిల్డింగుకు మార్చారు. ఏది ఏ అరలో ఉండేదో రిజిస్టరు లేదు. ఏ నంబరు తిప్పినది, ఏది తిప్పనిది అన్నది ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. డైరెక్టరు గారు మా వీధికి వచ్చి, కారు దిగకుండా హారను కొట్టారు. నేను వెళ్లలేదు. నరేష్ గారు మాత్రం అరుగు మీద కూర్చుని ఏడ్చారు. "ఏవి తిప్పినావో సెప్పు పిన్నీ. అయిదేళ్ల సదువు మట్టిలో కలిసిపోతాది" అన్నారు. ఆయన మీద నాకు జాలే. పదకొండు నంబర్లూ నా నాలుక చివర ఉన్నాయి. కాని ఇంట్లో చెప్పను. ఇంట్లో చెప్తే అది అమ్మడు కబురు, డ్యూటీలో చెప్తే రికార్డు. హాజరు పట్టీలో నా సంతకం పడిన గంటలో అన్నీ చెప్తాను. అంతవరకు తమరు పిలిచినా చెప్పను, క్షమించవలెను.

జీతం కోసం ఏడుస్తున్నానని అనుకోవద్దు. చేపల తట్ట నెత్తికెత్తుకుంటే ఆపాటి వస్తుంది. ఆ గదిలోకి నేను వెళ్లాలి. కారణం అర్జీలో రాసేది కాదు.

ఈ ఎనిమిది కలములనూ తీరికగా చిత్తగించి, ఇరవయ్యో తేదీ లోపుగా ఉత్తర్వులు దయచేయించవలెనని కోరుకొను,

తమ విధేయురాలు,
మైలపల్లి అమ్మడు

జతపరచినవి: 41, 42 నంబరు కాగితాల జిరాక్సులు. స్టూలు దరఖాస్తులు మూడు.

తా.క. బాబూ, ఇది రాయకూడదనుకున్నాను గాని రాస్తన్నాను. ఆ తొమ్మిదో నంబరు గొట్టం భావనపాడుకి తూర్పున, నడిసముద్రంలో తీసిందని నరేష్ మేపులో సూపించినాడు. మా గంగులు పడవ తిరిగి రానిది ఆ దిక్కునే. ఆయన పోయిన నాలుగేళ్లకి తీసినారు ఆ మట్టి. నాలుగేళ్లంటే పైన ఎంత మందం పడుంటాది అని అడిగితే, తల ఎంటికంత పిన్నీ అన్నాడు. మనిషి దొరకలేదు, నిప్పు పెట్టుకోలేదు. ఆ ఎంటికంత మనిషికే నేను తల తిప్పినాను. ఒక్కదాన్నే తిప్పితే అడుగుతారని మిగతావి తిప్పినాను. నాకు ఉద్యోగం ఇచ్చినా ఇవ్వకపోయినా, తొమ్మిదోదానికి ఒక కొసన సొట్ట ఉంటాది, అదే తల. కొత్త బిల్డింగులో దాన్ని ఎటు పడీసినారో. దక్షిణం వైపు పెట్టించండి.