నీలం టబ్బులో నీలం డ్రెస్సు

చిన్నదాని అమ్మకి,

నేను కులాసాగానే ఉన్నాను. చిన్నదాని ఈతకి లేత నీలం డ్రెస్సు కొన్నాను. షాపువాడు "కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి సార్" అన్నాడు. మిల్లులో రోజంతా బట్టల్లో లోపాలు వెతికే నేను కళ్ళు మూసుకుంటానా? గదికి తెచ్చి మా నీలం టబ్బులో నానబెట్టాను. రంగు వదల్లేదు, ఎలాస్టిక్ సాగలేదు. అయినా అనుమానం తీరక గుమ్మం దగ్గర నిలబడి చూశాను. టబ్బులో నీళ్ళే కనిపించాయి, డ్రెస్సు లేదు! ఈతకొలను అడుగు కూడా నీలమే కదా. వెంటనే వెళ్ళి నారింజ రంగుది మార్చుకొచ్చాను.

నువ్వు పంపిన కొలతల మీద కూడా నాకు నమ్మకం లేదు. ఎదిగే పిల్ల కదా అని రెండంగుళాలు కలిపే ఉంటావు. వదులైతే నీళ్ళు నిండి జారిపోతుంది. అసలు కొలత రాయి, షాపువాడు సైజు ఇంకోసారి మారుస్తానన్నాడు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? అమ్మ మోకాలు ఎలా ఉంది?

అమ్మకి నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. ఈత మాస్టారు మంచివాడని రాశావు. అయి ఉండొచ్చు. అయినా గట్టు మీద నువ్వే కూర్చో. ఇక్కణ్ణుంచి నాకు నారింజ రంగైనా కనపడదు.